మాట వినడం

“వీడు మాట వినడండీ” అని ఏ తండ్రయినా బడికి వచ్చి మొర పెట్టుకుంటే, పిల్లవాడికి చెవుడని ఎవరూ అనుకోరు. మన భాషలో వినడమంటే చెవిన వేసుకోవడం మాత్రమే కాదు, చెప్పినట్టు చేయడం కూడా. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలల్లో పనిచేసిన నాకు ఈ రెండో అర్థంతోనే ఎక్కువ పని పడింది. రెండర్థాలూ ఒకే క్రియలో ఎందుకు కూడాయన్న ఆలోచన మాత్రం ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రాలేదు. పదవీ విరమణ తరువాత, నాకు ఒక్క అక్షరమైనా రాని భాషలోని గ్రంథం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది.

2023 చలికాలం న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో గడిపాను. అక్కడ ముసలివాళ్ళకు కిటికీయే అరుగు. ఎదురింటి పెద్దాయన ప్రతి శనివారం ఉదయం, మంచు పడుతున్నా సరే, కారు వాకిట్లోనే ఉంచి నడిచి వెళ్ళడం ఆ కిటికీలోంచే గమనించాను. ఆయన నాకంటె పదేళ్ళు పెద్ద, లెక్కల మాస్టారుగా చేసి విరమించుకున్నవాడు, యూదుడు. వారి విశ్రాంతి దినాన నిప్పు రాజేయకూడదు కనుక కారు కూడా నడపరు. నేనూ ఉపాధ్యాయుణ్ణేనని, అందులోనూ భాష చెప్పినవాణ్ణని తెలిశాక, “మా శనివారం తరగతికి రండి. మతంలో కలుపుకోవడానికి కాదు సుమా, ఆ పని మేము చెయ్యం” అని నవ్వాడు. మరుసటి వారం ఆయన పక్కన నేనూ మంచులో నడిచాను.

ప్రార్థనకు ముందు గంటసేపు చదువు. పొడుగాటి బల్ల చుట్టూ పదిహేను మంది దాకా కూర్చున్నారు. అందరి ముందూ ఒకే పుస్తకం. ఒక పక్క హీబ్రూ మూలం, ఒక పక్క ఇంగ్లీషు, అడుగున చిన్న అక్షరాలతో వ్యాఖ్య. చిరకాలపు అలవాటు కొద్దీ జేబులోంచి కాగితం, కలం తీశాను. ఆయన నా చెవి దగ్గరకు వంగి, “ఈ రోజు రాయకూడదు” అన్నాడు. విశ్రాంతి దినాన మానవలసిన పనులు 39 అని మిష్నా లెక్క పెట్టింది. వాటిలో రాయడం ఒకటి. ఎంత రాస్తే రాసినట్టు అంటే, రెండక్షరాలు! ఆ నియమం పరాయివాణ్ణయిన నాకు వర్తించదు, కాని వారి ఇంట్లో వారి మర్యాద పాటించాలి కదా. బతుకంతా పిల్లలచేత అక్షరాలు దిద్దించి అన్నం తిన్నవాణ్ణి, రెండక్షరాలు రాయకుండా గంటన్నర కూర్చున్నాను. ఎంత చిత్రంగా విన్నానో చెప్పలేను. కలం చేతిలో ఉంటే చెవి సగమే పనిచేస్తుందని అరవై దాటాక తెలిసింది.

తోరా అంటే మోషే పంచకాండాలు. తెలుగు బైబిలు చదివినవారికి ఆదికాండం మొదలుకొని ద్వితీయోపదేశకాండం దాకా పరిచితమే. యూదులు వీటిని 54 భాగాలు చేసుకుని, వారానికొక భాగం చొప్పున (కొన్ని వారాలు రెండేసి కలిపి) ఏడాదిలో పూర్తి చేస్తారు. ఆఖరి కాండం ముగిసిన పండుగనాడే, పుస్తకం మూసీ మూయకముందే, ఆదికాండం మొదటి మాటలు చదువుతారు. ఇంటి దగ్గర ప్రతివాడూ ఆ వారపు భాగాన్ని రెండుసార్లు మూలంలో, ఒకసారి అరమాయిక్ అనువాదంలో చదువుకోవాలని తల్మూద్ విధి. మందిరంలో చదివే చర్మపు చుట్టలో అచ్చుల గుర్తులుండవు, విరామ చిహ్నాలుండవు, స్వరమూ ఉండదు. అన్నీ చదివేవాడి నోట్లో ఉండాలి. ఒక్క మాట తప్పు పలికితే వినేవాళ్ళు అక్కడికక్కడే గట్టిగా దిద్దుతారు. మా ఊళ్ళో చిన్నప్పుడు ఘనపాఠుల వరుసలో ఒకాయన స్వరం జారితే పక్కాయన మోకాలిమీద చరిచేవాడు. అదే గుర్తుకొచ్చింది.

తోరా అన్న మాటకు తెలుగు బైబిలులో ‘ధర్మశాస్త్రము’ అని ఉంది. అక్కడి రబ్బీ మాత్రం, ఆ మాటకు చట్టమని చెప్పడం పొరపాటు, బోధ అని చెప్పాలి, హీబ్రూలో ఉపాధ్యాయుడన్న మాటదీ ఇదే ధాతువు అన్నాడు. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే మన అనువాదకులు ఏమీ తప్పు చేయలేదనిపించింది. శాస్ ధాతువు నుంచే శాసనం, శాస్త్రం, శిష్యుడు వచ్చాయి. ఆజ్ఞ, చదువు, చదువుకునేవాడు, ముగ్గురికీ తల్లి ఒకతే. పండితుడి చాదస్తం అనుకోండి, మరునాడు ఆయనకు ఈ సంగతి చెబితే చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు.

నేను వెళ్ళింది ఫిబ్రవరిలో, ‘మిష్పాటీమ్’ అనే భాగం చదివే వారం. నిర్గమకాండంలో పది ఆజ్ఞల వెంటనే వచ్చే భాగం అది. ఈ ఒక్క భాగంలోనే 53 ఆజ్ఞలున్నాయని లెక్క. మొట్టమొదటిది దాసుడి గురించి. నిన్నగాక మొన్న ఐగుప్తు దాస్యంనుంచి బయటపడ్డవాళ్ళకు, దాసుణ్ణి ఎలా ఉంచుకోవాలో చెప్పడంతో చట్టం మొదలవుతుంది! ఒక ముసలామె పుస్తకంమీద వేలు పెట్టి, “నలభై ఏళ్ళుగా ఈ వారం వస్తూనే ఉంది, నలభై ఏళ్ళుగా నేను దీన్ని ఒప్పుకోలేకపోతున్నాను” అంది. ఎవరైనా ఆమెను గదమాయిస్తారేమోనని చూశాను. రబ్బీ తల ఊపి, “వచ్చే ఏడాది కూడా ఒప్పుకోకండి, కాని రండి” అన్నాడు.

ఆరేళ్ళయ్యాక దాసుణ్ణి విడిచిపెట్టాలి. వాడు వెళ్ళనంటే, తలుపు దగ్గరకు తీసుకుపోయి చెవి కదురుతో గుచ్చాలి. చెవే ఎందుకు? దీనికి పదకొండో శతాబ్దపు రాషీ పాత గురువుల మాట ఎత్తి జవాబు చెప్పాడు. ఇశ్రాయేలీయులు తనకే సేవకులని దేవుడు సీనాయి దగ్గర చెప్పినప్పుడు విన్నది ఈ చెవి. విని కూడా వెళ్ళి మరొక మనిషిని యజమానిగా తెచ్చుకుంది. కనుక శిక్ష దానికే. రాషీ ఫ్రాన్సులోని త్రోయ్ పట్టణంవాడు, 1105లో పోయాడు. పంచకాండాలకు, తల్మూద్‌కు మన మల్లినాథుడివంటివాడు. కొలచెలమ మల్లినాథసూరి లేకపోతే మనలో ఎందరికి కాళిదాసు అందేవాడు? అలాగే రాషీ లేనిదే యూదుల పిల్లలకు తోరా అందదు.

చెవి ప్రస్తావన వచ్చేసరికి నా మనసు బల్ల దగ్గర లేదు. దానికి కారణం చెప్పాలి.

1987లో అనుకుంటాను. ఎనిమిదో తరగతి. పద్యం కంఠస్థం చేయించి చూడకుండా రాయించడం నా పద్ధతి. అరసున్నలతో సహా రాయాలి. ఒక్కటి పోయినా మార్కు కోసేవాణ్ణి. వెనక వరుసలోంచి ఒక పిల్లవాడు లేచి, “పలకని సున్న ఎందుకు పెట్టాలండీ మాస్టారూ?” అన్నాడు. వెక్కిరింత కాదు. నిజంగానే అడిగాడు. నాకు తెలియదు. అరసున్నలలో సిద్ధమేదో, సాధ్యమేదో, ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో బాలవ్యాకరణ సూత్రాలతో అప్పచెప్పగలను. ఎందుకుందో మాత్రం తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. “పెట్టమన్నాను, పెట్టు” అని చెవి మెలిపెట్టి బెంచీ ఎక్కించాను. ఆ తరువాత ఆ తరగతిలో అరసున్న గురించి ఎవరూ అడగలేదు. క్రమశిక్షణ కుదిరిందని సంతోషించాను కూడా.

ఆ వారపు భాగం చివరలో ప్రజలంతా ఒక్క గొంతుతో ఒడంబడిక ఒప్పుకునే ఘట్టం ఉంది. అక్కడ రెండు క్రియలు వాడారు. ముందు ‘చేస్తాం’, తరువాత ‘వింటాం’. వరుస తిరగబడింది కదా? వినకుండా చేయడమేమిటి? ఇక్కడే నా ప్రాణం లేచొచ్చింది. హీబ్రూలో ‘షామా’ అన్న క్రియకు కూడా మన ‘వినడం’లాగే చెవితో వినడం, చెప్పినట్టు చేయడం రెండూ అర్థాలేనట. పైగా గ్రహించడం అనే మూడో అర్థం కూడా. కనుక ముందు చేస్తాం, చేస్తూ చేస్తూ గ్రహిస్తాం అని సంప్రదాయం చెప్పే అన్వయం. ఈ వరుసను ఎగతాళి చేసినవాడు కూడా తల్మూద్‌లోనే ఉన్నాడు. రవా అనే గురువు చదువులో మునిగి, కాలి కింద వేళ్ళు నలిగి నెత్తురు కారుతున్నా గమనించకుండా కూర్చుని ఉంటే ఒకడు చూసి, చెవులకంటె నోరు ముందు పెట్టిన తొందర జాతి మీది, ఇంకా మారలేదన్నమాట అన్నాడట. అదే పుటలో ఇంకొక మాట ఉంది. సీనాయి కొండను దేవుడు తొట్టిలా వాళ్ళ నెత్తిన బోర్లించి, ఒప్పుకుంటే సరి, లేదంటే ఇక్కడే మీ గోరీ అన్నాడని. ఒక పండితుడు వెంటనే, అలా బెదిరించి రాయించుకున్న పత్రం చెల్లదనడానికి ఇది గట్టి వాదమవుతుందే అన్నాడు. ఆ వాదాన్ని కొట్టిపారేయలేదు. తరువాత ఎస్తేరు రాణి కాలంలో వాళ్ళు ఇష్టపడి మళ్ళీ ఒప్పుకున్నారని సమాధానం వెతుక్కున్నారు. దేవుడి మీద ప్లీడరు నోటీసు ఇచ్చి, దాన్ని పవిత్రగ్రంథంలో దాచుకున్న జాతిని నేను ఇంకెక్కడా చూడలేదు.

దారిలో నేను ఊరుకోలేదు. “చేయగా చేయగా తెలుస్తుందనేగా నేనూ బడిలో చేయించింది?” అన్నాను.

“నేనూ అంతే. భిన్నాలు అర్థమయ్యాక లెక్కలు చేసిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. లెక్కలు చేశాకే అర్థమయ్యేవి” అన్నాడాయన. నాలుగడుగులు వేశాక, “మీరు చేయించారు, బాగానే ఉంది. అడగనిచ్చారా?” అన్నాడు.

అరసున్న సంగతి ఆయనకు నేనింకా చెప్పలేదు.

ఆ తరువాత ఆరు శనివారాలు వెళ్ళాను. తోరాలో ఆజ్ఞలు మొత్తం 613 అని రబ్బీ సిమ్లాయి చెప్పిన లెక్క. చేయవలసినవి 248, చేయరానివి 365. మన విధినిషేధాలన్నమాట. వాటిలో కారణం తెలిసేవి, తెలియనివి అని మళ్ళీ రెండు తెగలు. దొంగతనం చేయవద్దన్నదానికి వ్యాఖ్య అక్కర్లేదు. ఉన్ని, నార కలిపి నేసిన బట్ట కట్టవద్దన్నదానికి? మా ఎదురింటాయన కొత్త కోటు కొంటే, లోపలి పొరల్లో నారపోగు ఉందేమోనని పరీక్ష చేయించి గాని తొడగడు! మన మీమాంసకులు దృష్టార్థం, అదృష్టార్థం అన్నదీ దాదాపు ఇదే. యజ్ఞానికి వడ్లు దంచడం పొట్టు పోవడానికి. అవే వడ్లమీద నీళ్ళు చిలకరించడం ఎందుకో కంటికి కనబడదు. పన్నెండో శతాబ్దంలో మైమొనిడీస్ ప్రతి ఆజ్ఞకూ కారణం ఉండి తీరుతుందని వెతికాడు. ఉన్ని నార బట్ట విగ్రహారాధకుల పూజారులు కట్టేవారు కనుక నిషేధించారన్నాడు. కారణాలు చెబితే ప్రమాదమన్న పక్షమూ ఉంది. రాజు ఎక్కువమంది భార్యలను చేసుకోకూడదు, మనసు దారి తప్పుతుంది అని కారణంతో సహా చెబితే, సొలొమోను నా మనసు తప్పదులే అనుకుని తప్పాడు. కారణం తెలిసినవాడికి మినహాయింపు కూడా తెలుస్తుందన్నమాట.

ఈ 613లో చాలా భాగం ఇప్పుడు చేయడానికే వీలులేదు. యెరూషలేము ఆలయాన్ని రోమన్లు క్రీ.శ. 70లో పడగొట్టారు. బలుల ఆజ్ఞలన్నీ దానితోపాటే ఆగిపోయాయి. అయినా లేవీయకాండం ఏటా వంతు తప్పకుండా చదువుతారు. బలి విధిని చదివినవాడు బలి ఇచ్చినవాడితో సమానమని వారి మాట. చేయలేనిదాన్ని చదవడమే దాన్ని పాటించడం. ఏ రోజుకైనా పనికొస్తుందనా? కొందరు అలాగే అంటారు. మా ఎదురింటాయన, “మా అమ్మ లేదు, ఆమె వంటల చీటీలు మాత్రం ఏడాదికోసారి తీసి చదువుతాను” అన్నాడు. నాకు ఇదే నచ్చింది.

నన్ను అన్నిటికంటె ఇబ్బంది పెట్టింది రబ్బీ హనీనా మాట. ఆజ్ఞ ఉండి చేసేవాడు, ఆజ్ఞ లేకుండా చేసేవాడికంటె గొప్పవాడని ఆయన తీర్పు. మనం సరిగ్గా తలకిందులుగా అనుకుంటాం కదా! చెప్పకుండానే చేసేవాడు ఉత్తముడని పిల్లలకు నేర్పాం. దామా బెన్ నెతీనా కథ దగ్గర వచ్చింది ఈ మాట. అష్కెలోనుకు చెందిన ఆ అన్యమతస్థుడి దగ్గరకు, యాజకుడి వస్త్రానికి పొదిగే రత్నాలు కొనడానికి పండితులు వచ్చారు. గొప్ప లాభం. పెట్టె తాళంచెవి నిద్రపోతున్న తండ్రి తలకింద ఉంది. ఆయన తండ్రిని లేపలేదు. లాభం పోనిచ్చాడు. ఆజ్ఞ లేనివాడే ఇంత చేస్తే, ఆజ్ఞ ఉన్నవాడి సంగతేమిటన్నాడు హనీనా. తరువాతి వ్యాఖ్యాతలు దీన్ని విప్పారు. తన ఇష్టంతో చేసేవాడు ఇష్టం లేనినాడు మానేయగలడు. ఆజ్ఞ ఉన్నవాడికి మానేసే హక్కు లేదు కనుక లోపలి మనసు ఎదురు తిరుగుతుంది, దానితో రోజూ పెనగులాడాలి.

మా నాన్నగారి తద్దినం పెట్టడం నేను మానేసి అప్పటికి తొమ్మిదేళ్ళు. నమ్మకం లేని పని చేయడం ఆయనకే అవమానమని నాకు నేను చెప్పుకున్న మాట. నా మనసుకు తోచినప్పుడు అనాథలకు భోజనం పెట్టేవాణ్ణి. తోచినప్పుడు! తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు తోచిందో లెక్క వేస్తే మూడు. పోయిన ఏడాది మాఘ బహుళంలో తిథి చూసుకుని బ్రాహ్మణుణ్ణి పిలిచాను. నమ్మకం కలిగి కాదు. పిండం పెడుతున్నప్పుడు ఏమనిపించిందని మా అమ్మాయి ఫోనులో అడిగింది. మోకాళ్ళు నొప్పి పెట్టాయని చెప్పాను. నిజం కూడా అదే.

ఈ పద్ధతికి తెలుగుదేశంతో చుట్టరికం ఉందని ఎదురింటాయన చెబితే గాని నాకు తెలియకపోవడం సిగ్గుచేటు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కుటుంబాలనుంచి వచ్చిన కొందరు తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఎఫ్రాయీము వంశీకులమని చెప్పుకుని, 1990 దశకం మొదటినుంచి మందిరం కట్టుకుని శనివారం పాటిస్తున్నారు. బెనె ఎఫ్రాయీం అంటారు వారిని. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వారిపై రాసిన పుస్తకం 2013లో వచ్చింది. నేను ఆ చుట్టుపక్కల బడుల్లో పదేళ్ళు చేశాను. ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. హనీనా కొలతలో వీరిని ఎక్కడ పెట్టాలి? ఆజ్ఞ ఉన్నవారా, లేనివారా? తమకు ఆజ్ఞ ఉందని తామే విన్నవారిని కాదనడానికి ఎవరి చెవి ప్రమాణం?

ఇక అక్షరాల సంగతి. తోరా చుట్టలో కొన్ని అక్షరాల తలమీద సన్నని గీతలుంటాయి. కిరీటాలంటారు. ఉచ్చారణతో వాటికి పని లేదు. పలకని గుర్తులు! తల్మూద్‌లో ఒక కథ ఉంది. మోషే కొండెక్కినప్పుడు దేవుడు కూర్చుని అక్షరాలకు కిరీటాలు కడుతున్నాడట. ఎందుకివి అని మోషే అడిగాడు. చాలా తరాల తరువాత అకీవా అని ఒకడు పుడతాడు, ఈ కొసల్లో ఒక్కొక్క దానినుంచి గుట్టలకొద్దీ ధర్మాలు తీస్తాడు అని జవాబు. వాణ్ణి చూడాలన్నాడు మోషే. వెనక్కి తిరుగు అన్నాడు దేవుడు. తిరిగేసరికి అకీవా తరగతి గది. మోషే వెళ్ళి ఎనిమిదో వరుస వెనక కూర్చున్నాడు. వాళ్ళు చెప్పుకునేది ఒక్క ముక్క అర్థం కాలేదు. నీరసించిపోయాడు. ఇంతలో ఒక శిష్యుడు, ఇది మీకెలా తెలుసు అని అడిగితే, సీనాయి దగ్గర మోషేకు ఇచ్చినదే అన్నాడు అకీవా. మోషే ఊపిరి పీల్చుకున్నాడు.

అంతటితో ఆగితే మంచి నీతికథ. ఆగదు. వీడికి ప్రతిఫలమేమిటో చూపించమన్నాడు మోషే. వెనక్కి తిరిగితే, రోమన్లు చంపిన అకీవా మాంసాన్ని అంగట్లో తూస్తున్నారు. ఇంత చదువుకు ఇదా ఫలితం అన్నాడు మోషే. ఊరుకో, నా తలంపులోకి అలాగే వచ్చింది అన్నాడు దేవుడు.

అంటే దేవుడు కూడా నోరు మూయించాడు. నాలాగే. ఈ పోలికలోని అహంకారాన్ని మన్నించండి, కాని ఆ బల్ల దగ్గర నాకు తట్టింది అదే. ఒక తేడా ఉంది. అక్కడ ప్రశ్న మిగిలింది. జవాబు రాని ఆ ప్రశ్నను పదిహేను వందల ఏళ్ళుగా చదువుతూ వస్తున్నారు.

ఆ రోజు పుస్తకం మూసేముందు రబ్బీ ఆదికాండంలో ఒక చోటు చూపించాడు. రిబ్కాను యాకోబు ఏశావుల తల్లి అని అక్కడ మళ్ళీ చెప్పవలసిన అవసరం లేదు. అంతకుముందే చెప్పేశారు. రాషీ దగ్గర ఆగి, ఇది మనకేమి నేర్పుతున్నదో తనకు తెలియదని రాశాడు. రాయకుండా వదిలేస్తే ఎవరడిగేవారు?

2024 వేసవిలో మా పాత బడి పూర్వవిద్యార్థులు సన్మానమని పిలిచారు. శాలువాలయ్యాక ఆ పిల్లవాడు వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. యాభై నిండిన పిల్లవాడు. పక్క ఊళ్ళో ఎరువుల దుకాణం. పక్కకు తీసుకుపోయి అడిగాను, “ఎనిమిదో తరగతిలో నీ చెవి మెలేసి బెంచీ ఎక్కించాను, గుర్తుందిరా?”

“ఎందుకుండదండీ” అని నవ్వి చెవి తడుముకున్నాడు. “ఎందుకు ఎక్కించారో మాత్రం గుర్తు లేదు మాస్టారూ. ఏదో అల్లరి చేసి ఉంటాను.”

అల్లరి కాదని చెప్పాను. అతని జేబులోని బిల్లుపుస్తకం తీసుకుని ‘ఏడు’ అని, దాని పక్కనే ‘ఏఁడు’ అని రాశాను. మొదటిది అంకె, తమిళంలో ఏళు. రెండోది సంవత్సరం, తమిళంలో ఆండు. ‘మూఁడు’ తమిళంలో మూన్ఱు. ఒకప్పుడు మన నోట కూడా అక్కడ నకారం పలికేది. పలకడం పోయింది, పోయిన చోట ఆ చిన్న గుర్తు మిగిలింది అన్నాను. అతను కాగితాన్ని దూరంగా పట్టుకుని, కళ్ళజోడు పైకి జరిపి, చాలాసేపు చూశాడు.

“ఇంత చిన్న సంగతి. అప్పుడే చెప్పలేదేమండీ?”

“అప్పటికి నాకు తెలియదురా” అన్నాను.

ఆ కాగితం చించి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో ఫోటోకు రమ్మని ఎవరో కేకేశారు.